మా తాత తెచ్చిన స్టవ్

ఈ గ్రూపులో ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. పోస్టు పెద్దది. స్కాలర్‌షిప్పుల గురించి కాదు, నోటిఫికేషన్ల గురించి కాదు. ఒక పాత ఇత్తడి పంపు స్టవ్ గురించి. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి, తప్పులుంటే చెప్పండి.

నాది జీకే వీధి మండలం. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీకి వచ్చిన మొదటివాణ్ణి నేనే. నాన్న ఐదో తరగతి, అమ్మ అసలు బడికే వెళ్ళలేదు. చెల్లి ఈ ఏడాది ఇంటర్ రెండో సంవత్సరం రాసింది, నర్సింగ్ చదవాలని దానికి చాలా ఆశ. ఈ విషయం ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు కాఫీ పళ్ళు కోసే పని ఇంకా మిగిలే ఉంది. గోనె సంచులు చాలక నాన్న నన్ను అటక ఎక్కమన్నాడు. పైన ఎలకలు కొట్టేసిన సంచుల కింద ఒకటి బరువుగా తగిలింది. విప్పితే లోపల పాత చీర గుడ్డ, అందులో నల్లగా మాడిపోయి, అక్కడక్కడ పచ్చగా చిలుము పట్టిన ఒక ఇత్తడి వస్తువు. చెంబంత ట్యాంకు. దానికి పక్కన పంపు. మూడు ఇనుప కాళ్ళు విడివిడిగా, ఒక దారంతో కట్టి ఉన్నాయి. బర్నర్ కూడా విడిగా ఉంది.

"ఓ అదా, సర్వే దొరలు మీ తాతకి బహుమతి ఇచ్చిన స్టవ్ కదా" అన్నాడు నాన్న కిందనుంచి.

ఈ కథ చిన్నప్పుడు విన్నదే. నాన్న పుట్టకముందు, అంటే ఇంచుమించు 1975 ఆ టైములో, మా కొండల్లో రాళ్ళు తవ్వి చూసేవాళ్ళ క్యాంపు ఒకటి పడింది. తాత వాళ్ళకి వంట చేసేవాడు, నీళ్ళు మోసేవాడు, గుడారాలు ఎత్తి దించేవాడు. తాత పని నచ్చి వెళ్ళేటప్పుడు ఈ స్టవ్ ఇచ్చి వెళ్ళారు. ఇదీ మా ఇంట్లో చెప్పుకునే కథ. ఆ రాళ్ళలో ఏముందో, తర్వాత ఆ కొండల కోసం ఎంత గొడవ జరిగిందో ఈ గ్రూపులో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తాత నేను నాలుగో తరగతిలో ఉండగా పోయాడు.

నేను ఫిజిక్స్ చదివేవాణ్ణి. ఇది ఎలా పనిచేస్తుందో చూడాలనిపించింది. బ్యాగులో పెట్టుకుని హాస్టల్‌కి తెచ్చేశాను. నానమ్మ నన్నే చూస్తూ నిలబడింది, ఏమీ అనలేదు. బస్సు లంబసింగి దాటాక అనుకున్నాను, సాధారణంగా ఇంట్లోంచి గంటె బయటికి పోయినా ఊరుకోదే, దీనికి ఎందుకు ఊరుకుందా అని.

రూములో నలుగురం ఉంటాం. ఒకడు "ఇది బాంబురా" అన్నాడు. ఇంకొకడు ఇత్తడి కేజీ లెక్కన ఎంతొస్తుందో చెప్పాడు. వార్డెన్ సార్‌కి తెలిస్తే స్టవ్ పెట్టుకున్నానని గొడవ అవుతుందని మంచం కింద ట్రంకు పెట్టెలో దాచాను. చుక్క కిరోసిన్ లేదు దాంట్లో, ఆ మాట ముందే చెప్తున్నాను.

మొదట చేసిన పని ఏంటంటే, తప్పు పని. గిన్నెలు తోమే స్టీలు పీచు తీసుకుని రుద్దడం మొదలుపెట్టాను. కొంచెం రుద్దేసరికి ట్యాంకు మీద మసి కింద ఏవో అక్షరాలు చేతికి తగిలాయి. అప్పుడు ఆగాను. ఆగకపోయి ఉంటే ఈ పోస్టే లేదు. పాత స్టవ్ ఏదో తెలిసేది ఆ అక్షరాలతోనే. వాటిని అచ్చు కొట్టిన లోతు చాలా తక్కువ, ముతక పీచుతో గట్టిగా తోమితే అరిగిపోతాయి. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే ముందు అక్షరాలు చదవండి, తర్వాతే తోమండి.

మసి కింద నుంచి మొదట కనిపించినవి రెండే ఇంగ్లీషు అక్షరాలు. యు, ఎస్. వాటికి ముందున్న చోట సొట్ట, దాని మీద గట్టిపడిన నల్లటి పెచ్చు.

నెట్లో, లైబ్రరీలో వెతికాను. పంపు స్టవ్ పుట్టింది స్వీడన్‌లో. ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే ఆయన 1892లో చేసిన స్టవ్ పేరు ప్రైమస్. దాని పేరే మన దగ్గర కూడా అన్ని పంపు స్టవ్‌లకీ పడిపోయింది, పాతవాళ్ళు ప్రైమస్ స్టవ్ అనే అంటారు. దాని సంగతేంటంటే వత్తి ఉండదు. ట్యాంకులోకి గాలి కొడితే ఆ ఒత్తిడికి కిరోసిన్ పైకి ఎక్కుతుంది. పైన బర్నర్ గొట్టాలు ముందే వేడెక్కి ఉంటాయి కాబట్టి కిరోసిన్ అక్కడ ఆవిరవుతుంది. ఆ ఆవిరి సూదిమొనంత రంధ్రంలోంచి జోరుగా బయటికి వచ్చి గాలితో కలిసి నీలం మంటగా మండుతుంది. మసి ఉండదు. ఒకసారి వెలిగాక ఆ మంట వేడితోనే తర్వాత వచ్చే కిరోసిన్ ఆవిరవుతూ ఉంటుంది. థర్మోడైనమిక్స్ చాప్టర్ మొత్తం చెంబంత ఇత్తడిలో ఉంది, మాకు మాత్రం బోర్డు మీద గీతలే గీశారు.

మంచులో, కొండల మీద కట్టెలు దొరకని చోటికి వెళ్ళేవాళ్ళకి ఇదే దిక్కయింది. 1895లో ఉత్తర ధ్రువం వైపు నడిచిన నాన్సెన్ దగ్గర ప్రైమస్ ఉంది. 1911లో దక్షిణ ధ్రువం చేరిన అముండ్సెన్ దగ్గర ఉంది. 1953లో టెన్జింగ్, హిల్లరీ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు మంచు కరిగించి నీళ్ళు తాగింది ఇలాంటి స్టవ్‌ల మీదే. అదే కొండ మీద 2014లో మన మాలావత్ పూర్ణ 13 ఏళ్ళకే నిలబడింది కదా, అది గుర్తొచ్చి ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మా అటక మీద గోనె సంచిలో ఉన్నది అలాంటి వస్తువా అని.

ఇక యు, ఎస్ అనగానే ప్రైమస్ అనేసుకున్నాను. రూములో అందరికీ చెప్పేశాను కూడా. తర్వాత తెలిసింది, స్వీడన్‌లోనే ఆప్టిమస్ అని ఇంకో కంపెనీ ఉంది, 1899లో మొదలైంది. రేడియస్ అని మరొకటి. మూడింటికీ చివర యు, ఎస్సే! అవి కాక వాటిని చూసి మన దేశంలో, ఇంకా చాలా దేశాల్లో చేసినవి లెక్కలేనన్ని.

అప్పుడు పాత వన్‌టౌన్ వైపు ఒక సందులో ఇప్పటికీ పంపు స్టవ్‌లు, పెట్రోమాక్స్ లైట్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడని మెస్సులో వంట చేసే అన్న చెప్పాడు. ఆదివారం వెళ్ళాను. చిన్న బడ్డీ, ఇప్పుడు ఎక్కువగా గ్యాస్ స్టవ్‌లే చేస్తున్నాడు. ఆయన్ని నేను తాతయ్యా అనే పిలిచాను, ఆయన నన్ను బాబూ అన్నాడు. స్టవ్ చేతిలోకి తీసుకుని ముందు అక్షరాలు చూడలేదు. తలకిందులు చేసి అడుగు చూశాడు. పంపు గొట్టం అతికిన చోట వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. ట్యాంకు చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. తర్వాత కాళ్ళు చూసి నవ్వాడు.

"ఇది ఇంట్లో స్టవ్ కాదు బాబూ. క్యాంపు స్టవ్. కాళ్ళు ఊడతాయి చూడు. ఇంటి స్టవ్‌కి కాళ్ళు అతికించేసి ఉంటాయి. ఇదంతా విప్పి ఒక రేకు పెట్టెలో పెట్టుకుని తిరుగుతారు. బర్నర్ విప్పిన రంధ్రానికి ఇత్తడి మూత ఒకటి ఉంటుంది, కిరోసిన్ ఒలక్కుండా. పెట్టె ఏదీ?"

పెట్టె లేదన్నాను. అనేసి, బస్సులో తిరిగొస్తుంటే గుర్తొచ్చింది. మా నానమ్మ కాగితాల పెట్టె! రేషన్ కార్డు, ఆధార్లు, తాత డెత్ సర్టిఫికెట్, మా పోడు భూమికి వచ్చిన అటవీ హక్కుల పట్టా, నా కులం సర్టిఫికెట్ ఒరిజినల్, అన్నీ ఉండేది ఒక చదరపు రేకు పెట్టెలోనే. చిన్నప్పుడు దాని లోపల అడుగున వంకర్లు తిరిగిన తీగ ఒకటి ఉంటే ఇదెందుకు అని అడిగేవాణ్ణి. కాగితాలు దానికి తగులుకుని చిరుగుతున్నాయని నాన్న దాన్ని వంచి పక్కకి నొక్కేశాడు.

సరే, రిపేరు సంగతి చెప్తాను. కొంచెం వివరంగానే చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

అక్షరాల కోసం తాతయ్య చింతపండు రాయమన్నాడు. పావుగంట రాసి కడిగెయ్ అన్నాడు. నాకు క్లాసుకి టైమైపోయి రాసింది రాసినట్టే వదిలేసి పోయాను. సాయంత్రం ప్రాక్టికల్స్, ఆ తర్వాత మెస్సు, మొత్తానికి మర్నాడు పొద్దున చూస్తే ట్యాంకు గులాబీ రంగులోకి తిరిగింది. పాడుచేశానని ఏడుపొచ్చింది. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసినది. పులుపులో ఎక్కువసేపు ఉంటే పైపొరలో జింకు కరిగిపోయి రాగి బయటపడుతుంది, అందుకే ఆ ఎరుపు. పైపైదే. పీతాంబరి పొడితో మెత్తటి గుడ్డ పెట్టి రెండు గంటలు తోమితే పసుపు రంగు తిరిగొచ్చింది. ఆ తోమడంలోనే నల్లటి పెచ్చు ఊడింది. యు, ఎస్ ముందు ఎం కనపడింది. అంటే రేడియస్ కాదు. ప్రైమస్ గానీ ఆప్టిమస్ గానీ. కింద వరసలో స్వీడన్ అనే మాట, దాని పైన రెండు సున్నాలు.

ఆ రెండు సున్నాలే తేల్చాయి. ఆప్టిమస్ కంపెనీ క్యాంపుల కోసం చేసిన ఒక స్టవ్ నంబరు 00. విప్పి పెట్టెలో పెట్టుకునేది. రూములో ప్రైమస్ ప్రైమస్ అని గొప్పలు పోయిన నేను ఆ రాత్రి మళ్ళీ అందరికీ కాదు ఆప్టిమస్ అని చెప్పుకోవాల్సి వచ్చింది. 1962లో ఆప్టిమస్‌ వాళ్ళే ప్రైమస్ కిరోసిన్ స్టవ్‌ల వ్యాపారాన్ని కొనేశారని చదివి కొంచెం పరువు నిలబెట్టుకున్నాను.

పంపు కడ్డీ బిగుసుకుపోయింది. రెండు రోజులు నూనె వేసి ఉంచి మెల్లగా లాగితే వచ్చింది. చివర ఉండే తోలు వాషర్ ఎండిన ఆకులా పొడి అయిపోయింది. అది చిన్న గిన్నె ఆకారంలో ఉంటుంది. కడ్డీ నొక్కినప్పుడు దాని అంచు విచ్చుకుని గొట్టానికి అతుక్కుంటుంది, అప్పుడే గాలి లోపలికి పోతుంది. కొత్తది తాతయ్య దగ్గర 40 రూపాయలు. రాత్రంతా నూనెలో నానబెట్టి వేశాం.

పంపు గొట్టం అడుగున ఒక వాల్వు ఉంటుంది. గాలిని లోపలికి పోనిస్తుంది, కిరోసిన్‌ని వెనక్కి రానివ్వదు. దాని లోపల చిన్న స్ప్రింగు, శనగ బద్దంత రబ్బరు ముక్క. ఆ రబ్బరు గట్టిపడిపోయింది. నేను తెలివిగా సైకిల్ ట్యూబులోంచి ముక్క కోసి పెట్టాను. తాతయ్య ఏమీ అనకుండా ఒక సీసా మూతలో కిరోసిన్ పోసి అలాంటి ముక్క ఇంకొకటి అందులో వేసి, వచ్చే ఆదివారం చూడమన్నాడు. ఆదివారానికి అది ఉబ్బి మెత్తగా జారిపోతోంది. మామూలు రబ్బరు కిరోసిన్‌కి ఆగదు. స్టవ్ వెలుగుతుండగా ఆ ముక్క వదులైతే కిరోసిన్ పంపులోంచి వెనక్కి తన్ని చేతి మీదకొస్తుంది, పక్కనే మంట. మెకానిక్ షెడ్డులో పెట్రోలు పైపులకి వాడే రబ్బరు ముక్క ఆయనే తెచ్చి పెట్టాడు.

బర్నర్‌కీ ట్యాంకుకీ మధ్య సీసం వాషర్ ఉంటుంది. మెత్తటి లోహం, బిగిస్తే సందులన్నీ కప్పేస్తుంది. అది మార్చాం. బర్నర్ తిప్పి చూపించి తాతయ్య అసలు సంగతి చెప్పాడు: "ఇది దీని బర్నర్ కాదు బాబూ. ఇండియాలో చేసింది. మర ఒకటే కాబట్టి పట్టింది. క్యాంపులోనే మార్చేసి ఉంటారు." చిన్నగా రాసి ఉంది, చూస్తే నిజమే. నాకు ఆ బర్నర్ మీద ఎందుకో అభిమానం కలిగింది, స్వీడన్ ఒంటి మీద మన తల.

ఆఖరికి పరీక్ష. కిరోసిన్ లేకుండా ఉత్త గాలి కొట్టి, బకెట్ నీళ్ళలో ముంచాం. ఎక్కడ బుడగలు వస్తే అక్కడ చిల్లు. గాలి స్క్రూ దగ్గర రెండు బుడగలు వచ్చాయి, వాషర్ మార్చాక ఆగిపోయాయి. అతుకుల దగ్గర ఒక్కటి కూడా రాలేదు. "అతుకులో బుడగ వచ్చుంటే అలమార్లో పెట్టుకోమనేవాణ్ణి, వెలిగించనిచ్చేవాణ్ణి కాదు" అన్నాడు. ఆడవాళ్ళు దీనికి భయపడటానికి కారణం ఉంది. స్టవ్ పేలి కోడలు మృతి అని పాత పేపర్లలో ఎన్ని వార్తలు వచ్చేవో మనకి తెలుసు, వాటిలో ఎన్నిట్లో తప్పు నిజంగా స్టవ్‌దో కూడా తెలుసు.

కొనేవాయన తాతయ్య ద్వారానే వచ్చాడు. హైదరాబాద్. పాత స్టవ్‌లు, లాంతర్లు సేకరిస్తాడు. ఇంట్లో అద్దాల బీరువాలో వరసగా పెట్టి ఒక్కో దాని ముందు చిన్న కార్డు మీద దాని చరిత్ర రాసి పెడతాడు. ఫోటోలు పంపితే వెంటనే ఫోన్ చేశాడు. స్టవ్ ఒక్కటే అయితే 4,000, పెట్టె, మూత కూడా ఉంటే 9,000 అన్నాడు. బర్నర్ ఇండియాదని నేనే చెప్పాను. చెప్పకపోయినా ఫోటోలో చూసి తెలుసుకునేవాడేమో, కానీ చెప్పాను. తెలుసు, అది కలిపే చెప్తున్నాను అన్నాడు.

చెల్లి నర్సింగ్ దరఖాస్తులకీ, మొదట్లో కట్టాల్సినదానికీ, బట్టలకీ ఇంట్లో వేసుకున్న లెక్క 8,000 పైన. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది గానీ అది వచ్చేలోపు మన జేబులోంచి పోయేది ఎంతో మీ అందరికీ అనుభవమే. నేను లోపల లెక్క వేసేసుకున్నాను.

"ఇది మీకు ఎలా వచ్చింది తమ్ముడూ?" అని అడిగాడు. సర్వే ఆఫీసర్ మా తాతకి బహుమతిగా ఇచ్చాడని చెప్పాను. ఆయన చాలా సంబరపడ్డాడు.

ఇటుకల పండగకి ఇంటికి వెళ్ళాను. స్టవ్ తీసుకెళ్ళాను. మా డిపోలో ఇప్పుడు కిరోసిన్ ఇవ్వడం లేదు, తాతయ్యే అర లీటరు ఒక సీసాలో పోసి, వెలిగించడానికి స్పిరిట్ కొంచెం విడిగా ఇచ్చాడు. ముందు నానమ్మ పెట్టె అడిగాను. కాగితాలన్నీ దుప్పటి మీద పరిచి ఖాళీ పెట్టె నా ముందు పెట్టింది. స్టవ్ కాళ్ళు విప్పి, బర్నర్ తీసి లోపల పెడితే ఒక్క వేలు సందు లేకుండా పట్టేసింది. వంగిపోయిన ఆ తీగ ఏంటంటే బర్నర్‌ని కదలకుండా పట్టుకునేది. పెట్టె మూలలో కాగితాల కింద నలిగిన గుడ్డ మూట, అందులో ఇత్తడి మూత, చిన్న రెంచి. నానమ్మ అన్నేళ్ళూ వాటిని పారేయకుండా అందులోనే ఉంచింది.

సాయంత్రం వాకిట్లో మొదలుపెట్టాను. చుట్టూ పిల్లలు. అమ్మ దూరంగా నిలబడి నీళ్ళ బిందె పక్కన పెట్టుకుంది. గాలి స్క్రూ వదులు చేసి, బర్నర్ కింద కప్పులో స్పిరిట్ పోసి వెలిగించాను. అది దాదాపు అయిపోయేదాకా ఆగాలి. తొందరపడితే కిరోసిన్ ఆవిరవకుండా పచ్చిదే పైకి చిమ్మి పసుపు మంట మూరెడు లేస్తుంది. ఆగాను. స్క్రూ బిగించి నాలుగైదు సార్లు పంపు కొట్టాను. ముందు తుస్‌మని, తర్వాత నీలంగా అంటుకుంది. ఇంకో పది కొట్టేసరికి శబ్దం మొదలైంది.

ఆ శబ్దం వినని వాళ్ళకి చెప్పలేను. గుయ్యిమని ఒకటే మోత. కుక్కలు మొరిగాయి. కింద వీధిలో వాళ్ళు బయటికొచ్చి చూశారు. పిల్లలు కేకలు. నాకైతే పరీక్ష పాసైనంత సంతోషం. నానమ్మ గుమ్మంలోంచి లేచి వచ్చింది.

"ఆపు" అంది.

పేలుతుందని భయం అనుకున్నాం. ఏం కాదు నానమ్మా, బకెట్లో ముంచి చూశాం అని చెప్తున్నాను. వినలేదు. "ఆపురా ముందు" అంది గట్టిగా. స్క్రూ వదిలాను. మోత తగ్గి ఆగిపోయింది.

"ఈ సప్పుడుకే మీ తాత దీన్ని ఎలిగించనేదు" అంది.

తర్వాత చెప్పింది. కూర్చోకుండా, నిలబడే చెప్పింది. క్యాంపులో రోజుకి మూడు రూపాయల కూలి. ఆఖరి మూడు నెలలు మేస్త్రీ ఇదిగో అదిగో అన్నాడు. ఒకరోజు పొద్దున తాత వెళ్ళేసరికి గుడారాలు పీకేస్తున్నారు. జీపులు వచ్చాయి. డబ్బులు అడిగితే మేస్త్రీ రేపు ఆఫీసుకి రమ్మన్నాడు. ఏ ఆఫీసు, ఏ ఊళ్ళో, ఏమీ చెప్పలేదు. తాత రోజంతా వాళ్ళ సామాన్లు జీపుల్లోకి మోశాడు. చీకటి పడ్డాక వస్తూ వస్తూ ఈ పెట్టె తువ్వాల్లో చుట్టుకుని వచ్చేశాడు.

ఒక ఏడాది గడ్డివాములో దాచారు. పోలీసులొస్తారేమోనని తాత ఎన్నో రాత్రులు అడవిలో పడుకున్నాడు. ఎవరూ రాలేదు. తర్వాత పెట్టెలో కాగితాలు పెట్టుకోవడం మొదలుపెట్టారు, స్టవ్ మాత్రం అటక ఎక్కింది. వెలిగిస్తే ఊరంతా వినపడుతుంది, వినపడితే ఎక్కడిదని అడుగుతారు. ఎవరో ఒకసారి అడిగితే బహుమతి అన్నాడు తాత. ఆ మాటే మా నాన్న దాకా వచ్చింది. నాన్నకి 47 ఏళ్ళు, ఆయనకీ ఆ రోజే తెలిసింది.

నాన్నకి కోపం వచ్చింది. తాత మీద కాదు, నానమ్మ మీద, అందరి ముందూ చెప్పిందని. "మనల్ని ఎప్పుడూ దొంగల్లాగే చూస్తారు, ఇప్పుడు మనమే చెప్పుకోవాలా" అన్నాడు. నానమ్మ అంది, "దొంగతనం ఏటి? మూడు నెలల కూలి. ఆళ్ళు ఎత్తుకెళ్ళింది లెక్క సెప్పు ముందు." నేను లెక్క వేశాను. 90 రోజులు, 270 రూపాయలు. ఆ లెక్క మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వెయ్యలేదు.

ఆ రాత్రి నాకు సిగ్గుగా కూడా అనిపించింది, దాచను. తాత మీద కాదు. దొరలు మెచ్చి ఇచ్చారనే కథని నేను ఎంత ఇష్టంగా చెప్పుకున్నానో గుర్తొచ్చి. హాస్టల్లో, తాతయ్య బడ్డీలో, ఫోన్లో, ప్రతిచోటా.

తిరిగొచ్చాక హైదరాబాద్ ఆయనకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన మంచిగానే మాట్లాడాడు. "యాభై ఏళ్ళ కిందటి మాట, ఎవరడుగుతారు తమ్ముడూ. నాకేం ఇబ్బంది లేదు, రేటు అదే" అన్నాడు. తర్వాత అన్నాడు, "కార్డు మీద మాత్రం బహుమతి అనే రాసుకుందాం. వినడానికి బాగుంటుంది."

చూస్తాను అని పెట్టేశాను. రెండు రోజులు ఆలోచించాను. రూములో గొడవలు. ఒకడు, ఆ కార్డు చదివేది ఎవడు, డబ్బు తీసుకో అన్నాడు. చెల్లిని తలుచుకుంటే వాడన్నదే నిజం. ఇంకొకడు అసలు అమ్మొద్దు అన్నాడు, వాడికి చెల్లెళ్ళు లేరు.

నేను ఆయనకి మెసేజ్ పెట్టాను. కార్డు మీద ఇలా రాస్తే ఇస్తానన్నాను: ఆప్టిమస్ నంబరు 00, స్వీడన్, బర్నర్ ఇండియా. తూర్పు కనుమల్లో ఒక సర్వే క్యాంపులో వాడినది. వంటమనిషికి మూడు నెలల కూలి ఎగ్గొడితే అతను తెచ్చుకున్నది. ఇంతే, తాత పేరు కూడా వద్దు. మెసేజ్ చూశాడు. ఈరోజుకి 12 రోజులు, జవాబు లేదు.

ఈ పోస్టు రాసే ముందు నానమ్మని ఫోన్లో అడిగాను, రాయనా అని. "రాసుకో. ఆళ్ళు సదువుతారేటి ఇప్పుడు?" అంది. నాన్నకి ఇంకా పూర్తిగా ఇష్టం లేదు, కానీ వద్దని అనలేదు. ఆయన అమ్మినా అమ్మకపోయినా పెట్టె మాత్రం ఇవ్వనంటోంది నానమ్మ, కాగితాలు ఎక్కడ పెట్టుకోమంటావు అంటోంది. అప్పుడు 4,000 బేరమే. వచ్చేటప్పుడు కిరోసిన్ ఇంకొంచెం తెమ్మంది, ఆ రోజు టీ పెట్టకుండానే ఆపించేశాను కదా అని.

స్టవ్ ఇంట్లోనే ఉంది, అటక మీద కాదు, పొయ్యి పక్కన. చెల్లి దరఖాస్తుకి ఆఖరి తేదీ ఇంకా మూడు వారాలు ఉంది.